లింగమ్మ జీపు, నేనెక్కించిన యాక్సిలు

నా సంపాదన కాలంలో సగం బండి కింద వెల్లకిలా పడుకునే గడిచింది. మా ఇంటామె దీన్నే ఇంకోలా చెబుతుంది. "మా ఆయన పండుకొని సంపాయించిండు" అని చుట్టాల ముందు నవ్వుతుంది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు బండి కిందికి దూరాను, తెల్లబడ్డాక బయటికొచ్చాను. మధ్యలో ఏం జరిగిందంటే, మీద గేరాయిలు కారింది.

నార్కట్‌పల్లి చౌరస్తా దాటాక హైవే పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. యాదగిరి మిస్త్రీ అంటే జీపుల వాళ్లకు తెలుసు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక పని మానేశాను. ఐటీఐ చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "తాతా, పనిల కిటుకు ఏంది, జర చెప్పు" అంటారు. కిటుకులన్నీ వాళ్ల సెల్‌ఫోన్లలోనే ఉన్నాయి. నేనెక్కడెక్కడ మూర్ఖుణ్ణయ్యానో మాత్రం ఏ ఫోనులోనూ లేదు. అందుకని అదే రాస్తున్నాను.

ఖాసిం ఉస్తాద్ చెప్పిన ఒక్క మాట

నాకు పని నేర్పింది నల్లగొండలో ఖాసిం ఉస్తాద్. మనిషి పొట్టి, కోపం పొడుగు. అయితే కోపం వచ్చినప్పుడు అరవడు, చూస్తాడు. ఆ చూపు కంటే పానాతో కొట్టినా బాగుండుననిపించేది.

చేరిన కొత్తలో ఒక జీపు వెనక యాక్సిలులో గేరాయిలు పోయమన్నాడు. పైన మూత విప్పి ఎంతో భక్తిగా పోశాను. ఎంత పోసినా నిండదు. "ఉస్తాద్, దీని కడుపు పెద్దగున్నది" అన్నాను. ఆయన బండి కిందికి చూశాడు. నేనూ చూశాను. కింది బిరడా బిగించకుండానే పోస్తున్నాను. కొత్త ఆయిలంతా నా చెప్పుల చుట్టూ చెరువు కట్టింది. ఆ రోజంతా రంపపు పొట్టు చల్లి నేల తుడిచాను. కిందిది బిగించాకే పైది విప్పాలన్న బుద్ధి మాత్రం అప్పుడు పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు.

ఉస్తాద్ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ బండి షెడ్డులోకి వస్తే మాత్రం ఒక మాట తప్పకుండా అనేవాడు. "యాదగిరీ, నాలుగు చక్రాలు ఒక్క మాట మీదుండాలె. అప్పుడే బండి గుట్ట ఎక్కుతది."

ఆ మాట నాకెంత నచ్చిందంటే, ఎక్కడ పడితే అక్కడ వాడుకున్నాను. పెళ్లిలో కొత్త జంటకు అక్షింతలు వేస్తూ చెప్పాను. అన్నదమ్ముల పంచాయితీలో పెద్దమనిషిగా కూర్చుని చెప్పాను. కులసంఘం మీటింగులో మైకు దొరికితే చెప్పాను. వాడాల్సిన ఒక్క చోట తప్ప అన్ని చోట్లా వాడాను. ఆ ముచ్చటకే వస్తున్నాను.

బత్తాయిలు

అంతకంటే ముందు నా చెవి గొప్పతనం ఒకటి చెప్పాలి. శబ్దం విని రోగం చెప్పే మిస్త్రీనని నాకు పేరు. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

ఒక ఆఫీసు జీపు వచ్చింది. మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి గడగడమని చప్పుడు. డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని చౌరస్తా చుట్టూ ఒక చుట్టు తిప్పాను. కళ్లు మూసుకుని విన్నాను. "మలుపుల మోగుతాందంటే డిఫరెన్షియల్ పళ్లు పోయినట్టే. అనుమానమే లేదు" అని తేల్చేశాను. యాక్సిలు దించాను, విప్పాను. పళ్లన్నీ పెళ్లికూతురి పలువరుసలా ఉన్నాయి. మళ్లీ కడిగి, బిగించి, ఎక్కించి, తిప్పి చూశాను. గడగడ అట్లాగే ఉంది.

అప్పుడు డ్రైవరు నీళ్లు నమిలి, వెనక సీటు ఎత్తాడు. దాని కింద సామాన్ల డబ్బాలో బత్తాయిలున్నాయి. ఏదో తోట దగ్గర రైతు ఇస్తే, ఆఫీసులో ఎవరికీ కనబడకుండా దాచుకున్నాడట. "నువ్వు అంత గట్టిగ చెప్తుంటే నాకు గూడ గదే నిజమనిపించింది మిస్త్రీ" అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆ వాడిపోయిన కాయలు తిన్నాం. పుల్లగా ఉన్నాయి.

ముందే రోగం పేరు చెప్పేసిన మిస్త్రీ ఆ తర్వాత బండిని చూడడు, తన మాటను నిలబెట్టుకోవడానికే చూస్తాడు. మన పనిలో ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. ఈ జ్ఞానం నాకు బత్తాయిల దగ్గరే వచ్చింది. వచ్చిందనే అనుకున్నాను.

వేలంలో కొన్న జీపు

తెలంగాణ వచ్చిన తర్వాత, ఒక ఎండాకాలం. లింగమ్మ అనే గొర్లకాపరి ఆమె తన జీపును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చింది. ఏదో ఆఫీసువాళ్లు వేలం వేసిన పాత ఫోర్‌వీల్ జీపు అది. ఆమె భర్త కొమురయ్యకు గొర్లు తప్ప ఏదీ తోలడం రాదు. అందుకని జీపు ఆమే నేర్చుకుంది. చీర కొంగు నడుముకు చెక్కి స్టీరింగు పట్టిందంటే హైవే మీద లారీవాళ్లే పక్కకు జరిగేవాళ్లు.

ఆ ఏడు కుంటలన్నీ ఎండిపోయాయి. కింద ఎటు చూసినా బత్తాయి తోటలు, వాటి చుట్టూ కంచెలు. మేత గుట్ట మీద మాత్రమే మిగిలింది, అదీ ఆకు అలమే. అందుకని కొమురయ్య మందను గుట్ట మీదే ఉంచాడు. అక్కడ మేత ఉంది గాని చుక్క నీరు లేదు. లింగమ్మ రోజూ ఊళ్లో బోరు దగ్గర డ్రమ్ములు నింపి, ఫోర్‌వీల్ లివరు వేసి, రాళ్ల బాటన జీపును గుట్ట ఎక్కించేది. ట్రాక్టరు ఎక్కని బాట అది. ఒకనాడు వెనక చక్రం రెండు బండల సందులో పడింది. మీద డ్రమ్ముల బరువు. రెండు చక్రాలనూ కలిపే ఇనుప దూలం, మేం యాక్సిలు అనేది, వంగిపోయింది.

"మిస్త్రీ, బండి పడ్డకాన్నుంచి ఇంటిల్లిపాది బిందెలు మోస్తున్నం" అంది లింగమ్మ. "ఈనిన గొర్లు ఉన్నయి. నీళ్లు సాలక పాలు ఎండుతున్నయి. పిల్లలు పొదుగు కుడిసి కుడిసి ఒర్రుతున్నయి. మందను దింపుదామంటే బోరు దాక అంత దూరం అవి ఎండల నడువయి. జల్ది చెయ్యకుంటే పిల్లలు దక్కయి."

"ఫికర్ చెయ్యకు చెల్లె. శుక్రారం పొద్దుగాల నీ బండి గుట్ట మీదుంటది" అన్నాను.

"నీ మాట పట్టుకొనే నా మొగనికి మాటిస్తున్న మరి."

"ఇయ్యి."

వెనక యాక్సిలు మార్చడం పెద్ద విద్యేమీ కాదు, మొండి విద్య. బండిని గట్టి నేల మీద నిలిపి, ముందు చక్రాలకు దిమ్మెలు వేసి, ఛాసిస్ కింద గట్టి దన్నులు నిలపాలి. జాకీని నమ్మి బండి కింద దూరినవాడు మళ్లీ పొరపాటు చేయడు, చేయడానికి మిగలడు. ఇంజను తిప్పుడును యాక్సిలుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పాలి. బ్రేకు పైపు విప్పి మూతి కట్టాలి. హ్యాండ్‌బ్రేకు తీగ వదులు చేయాలి. ఆఖరుకు బండి బరువు మోసే కమాన్ పట్టీలకు యాక్సిలును పట్టి ఉంచే యూ బోల్టుల దగ్గరికి రావాలి. తుప్పుపట్టిన యూ బోల్టు మా మేనమామ లాంటిది, బతిమాలితే కదలదు, తిడితే ఇంకా బిగుసుకుంటుంది. ముందు రోజు కిరసనాయిలు పోసి వదిలేయడమే మందు.

యాక్సిలు కోసం హైదరాబాదులో పాత బండ్లు విప్పి అమ్మే చోటికి వెళ్లాను. అక్కడ ఇనుము గుట్టలు గుట్టలు. "సేమ్ మాల్ ఉస్తాద్, కండ్లు మూసుకొని ఎక్కించు" అన్నాడు అమ్మేవాడు. నేనేమైనా తక్కువ తిన్నానా? కళ్లు మూసుకోలేదు. టేపు తీసి పొడవు కొలిచాను. పట్టీలు కూర్చునే చోట్లు కొలిచాను. చక్రం బోల్టుల రంధ్రాలు చూశాను. అన్నీ సరిపోయాయి. రంగు కూడా కలిసింది. ఇంకేం కావాలి?

తోలు చూపించాలి

కొత్త యాక్సిలు ఎక్కింది. వంగిన పాత యాక్సిలును తుక్కు సామాన్లవాడికి ఇస్తానని అప్పటికే మాటిచ్చాను. వాడు తోపుడు బండితో వచ్చి నిలబడ్డాడు కూడా. లింగమ్మ అడ్డం పడింది.

"పాత సామాను నాకియ్యి."

"వంగిన ఇనుము నీకెందుకు చెల్లె?"

"మా గొర్లకాపర్లల్ల ఒక పద్ధతున్నది మిస్త్రీ. ఒకల గొర్రెను ఇంకొకలు మేపుతరు. గొర్రె సచ్చిందంటే మేపెటోడు తోలు తెచ్చి సూపియ్యాలె. చెవుల మీద గుర్తు సూస్తం. తోలు సూపియ్యకుంటే అమ్ముకున్నడన్నట్టే. నా బండి యాక్సిలు సచ్చిందన్నవు. మరి తోలియ్యి."

పనివాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్ల మిస్త్రీని, గొర్రెను దొంగచాటుగా అమ్ముకునేవాడితో సమానం చేసింది. "తీస్కపో తల్లీ, మెడకు కట్టుకో" అని నేనే నలుగురితో మోయించి జీపులో వేయించాను. తుక్కువాడు మొహం మాడ్చుకుని పోయాడు.

శుక్రవారం పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, హైవే మీద నడిపి చూశాను. బండి గాలిలా పోయింది. ఇంకో విశేషం, అదే వేగంలో పోయే మిగతా జీపుల కంటే ఇంజను మోత తక్కువ. బండి దిగి, "చూసినవా? చేతి వాసి అంటే గిది" అన్నాను. లింగమ్మ మాత్రం కొంచెం దూరం తోలి వచ్చి, "ఉరుకుడు మంచిగనే ఉన్నది గని, ఫస్ట్ గేరుల గుంజుతలేదు మిస్త్రీ" అంది. "కొత్త చెప్పులు జర కరుస్తయి, రెండు దినాలైతే అవే అలవాటైతయి" అని సామెత లాంటిది ఒకటి అప్పటికప్పుడు పుట్టించి చెప్పాను.

గుట్ట మీద కొమురయ్య పొట్టేలు కూర వండిస్తున్నాడని, నన్ను కూడా రమ్మన్నాడని చెప్పింది. నేను ఇంటికి పోయి గంజి పెట్టిన తెల్ల చొక్కా తొడుక్కుని, జీపు ముందు సీట్లో కూర్చున్నాను. దారిలో పాత యాక్సిలును ఆమె ఇంటి ముందు దించి, బోరు దగ్గర డ్రమ్ములు నింపి బయలుదేరాం. మనసులో నాకప్పటికే శాలువా కప్పేశారు.

గుట్ట కింద

గుట్ట మొదట్లో బీరప్ప గుడి ఉంది, నడుమెత్తు ఉంటుంది. లింగమ్మ కొంగు ముడి విప్పి, దేవుడికి చిటికెడు పసుపు పెట్టి, తిరిగొచ్చి ఫోర్‌వీల్ లివరు వేసింది.

జీపు పొట్టేలు లాగా ఎగిరింది. దబదబమని చక్రాలు నేలను గీరుకున్నాయి. నాలుగు బారలు ఎక్కేసరికి లోపల టకటకమని ఏదో బిగుసుకుని, ఇంజను ఆగిపోయింది.

"లివరు సరిగ ఏసినవా?" అన్నాను.

"దినాం ఏసే లివరే గద."

"తప్పుకో, నేను తోల్త."

నేను తోలాను. నా చేతి వాసికి బండి ఇంకొంచెం గట్టిగా ఎగిరింది. డ్రమ్ముల్లో నీళ్లు తొణికి నా తెల్ల చొక్కా మీద పడ్డాయి. అప్పుడు డ్రమ్ములు ఎక్కువయ్యాయన్నాను. బాట పాడైందన్నాను. పసుపు తక్కువ పెట్టావేమో అని కూడా అన్నాను. పైనుంచి గొర్రెపిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. జీపు చప్పుడు వింటే నీళ్లొస్తాయని వాటికి తెలుసు.

ఆ అరుపులు వింటూ రాయి మీద కూలబడ్డాక గుర్తొచ్చింది, నాలుగు చక్రాలూ ఒక్క మాట మీదుండాలి.

బండిని మెల్లగా వెనక్కి దింపితే లోపలి బిగువు సడలి లివరు ఊడింది. చదును మీద నిలిపి, లింగమ్మ కొంగులోని పసుపు అడిగి తీసుకుని, చక్రాలకూ షాఫ్టులకూ గుర్తులు పెట్టాను. ముందు ఒక చక్రాన్ని జాకీతో లేపి తిప్పాను. తర్వాత వెనక చక్రాన్ని లేపి అంతే తిప్పాను. ముందు షాఫ్టు ఎక్కువ తిరిగింది, వెనక షాఫ్టు తక్కువ తిరిగింది.

యాక్సిలు నడుమ బుర్రలో క్రౌన్, పీనియన్ అని రెండు పళ్ల చక్రాలుంటాయి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరగాలో తేల్చేది వాటి పళ్లే. చూడ్డానికి ఒకటే తీరుగా ఉండే యాక్సిళ్లలో ఈ పళ్ల లెక్క వేరుగా ఉండొచ్చు. నేను తెచ్చింది అట్లాంటిదే. హైవే మీద వెనక చక్రాలొక్కటే లాగుతాయి కాబట్టి తేడా తెలియలేదు. ఫోర్‌వీల్ వేయగానే ముందు చక్రాలు ఒక లెక్క, వెనక చక్రాలు ఒక లెక్క నడిచి కొట్లాడుకున్నాయి. ఇంజను మోత తగ్గింది కూడా ఆ పళ్ల తేడా వల్లే. నేను చేతి వాసి అని ఎగిరింది దాన్ని చూసే. ఎంతోమంది కొత్త దంపతులకు బోధించిన మాటను ఒక్కసారి షాఫ్టు తిప్పి చూసి యాక్సిలుకు కూడా వాడి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

"తప్పు నాదే చెల్లె. బండి ఎక్కది" అన్నాను. చెబుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె తన భర్తకు ఇచ్చిన మాట నాది.

లింగమ్మ జీపులోంచి ఒక ప్లాస్టిక్ బిందె తీసి డ్రమ్ములో ముంచింది. దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది.

"తప్పు సంగతి తర్వాత జూద్దాం. ముందుగాల బిందె ఎత్తు."

ఎత్తాను. బండి కింద పడుకోవడం అలవాటైన ఒళ్లు, నిలబడి గుట్ట ఎక్కడం దానికి కొత్త. లింగమ్మ రెండు తడవలు ఎక్కి దిగేలోపు నేను ఒక తడవ ఎక్కాను, అందులోనూ మూడో వంతు నీళ్లు నా మీదే పోసుకున్నాను. పైన రాతి తొట్టిలో బిందె వంచగానే గొర్లు ఒకదాని మీద ఒకటి పడి మూతులు పెట్టాయి. తల్లి తాగుతుంటే పిల్ల దాని కడుపు కిందికి దూరింది. దాన్ని చూసి నేను ఊపిరి తీసుకోకుండా మళ్లీ కిందికి దిగాను.

విషయం తెలియని కొమురయ్య నన్ను చూసి చేతులు జోడించాడు. "బండి బాగు చేసుడే గాక నీళ్లు గూడ మోస్తాండే! గిసొంటి మిస్త్రీ యాడ దొరుకుతడే లింగమ్మా?"

"యాడ దొరకడు" అంది లింగమ్మ.

నా జీవితంలో అంతకంటే పెద్ద తిట్టు తినలేదు. పొట్టేలు కూర గొంతు దిగలేదని రాయాలని ఉంది గాని, దిగింది. ఆకలి అట్లాంటిది.

పాత సామాను

ఇప్పుడు బండి నడవాలంటే పాత పళ్లు కావాలి. వంగింది పైన దూలమే, లోపలి క్రౌన్, పీనియన్ చెక్కుచెదరలేదు. వాటిని తీసి కొత్త దూలంలో బిగిస్తే చాలు. లింగమ్మ ఆ రోజు అడ్డం పడకపోయి ఉంటే అవి అప్పటికే ఏ కొలిమిలోనో కరిగిపోయేవి. మళ్లీ హైదరాబాదు పోయి, వెతికి, సరైనవి తెచ్చేలోపు ఎన్ని పిల్లలు పోయేవో చెప్పలేను.

కిందికి దిగి ఆమె ఇంటికి వెళ్లాం. పాత యాక్సిలు వాకిట్లోనే ఉంది, కొమురయ్య తల్లి అప్పటికే దానికొక మేకపిల్లను కట్టేసింది. మేకపిల్లను విప్పి యాక్సిలును జీపులో వేసుకున్నాం. ఆ సాయంత్రమే షెడ్డులో బుర్ర విప్పాను. పాత పళ్లు కడిగి, బేరింగుల కింద పల్చటి రేకులు వేసి, పళ్లకు రంగు పూసి, ఒకదానికొకటి సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూసి మరీ బిగించాను. ఈసారి కొబ్బరికాయ కొట్టలేదు. షాఫ్టులు తిప్పి చూశాను, ముందూ వెనకా ఒక్క మాట మీదే ఉన్నాయి. మర్నాడు జీపు డ్రమ్ములతో గుట్ట ఎక్కింది. నేను మాసిన చొక్కాతో వెనక డ్రమ్ముల పక్కన కూర్చున్నాను. ఆ ఎండాకాలం మందలో ఒక్క పిల్లా దాహానికి పోలేదు.

పొరపాటు పళ్ల జతలోని క్రౌన్ చక్రాన్ని నా షెడ్డు గుంజకు వేలాడదీశాను. ఎవరైనా నన్ను ఎక్కువగా పొగిడితే దానివైపు చూసేవాణ్ణి. ఆనాటి నుంచి ఎవరూ అడక్కపోయినా పాత సామాను వాళ్ల బండిలో నేనే వేసి పంపాను. పిల్లలకు చెప్పేదీ ఇదే. గిరాకీ పాత సామాను అడిగితే పరువు పోయిందనుకోవద్దు. మన పని సరిగ్గా ఉందో లేదో నమ్మకం లేని మనిషే దగ్గరుండి చూస్తాడు. నమ్మినవాడు ఇంటికి పోయి పడుకుంటాడు.

షెడ్డు ఖాళీ చేసిన రోజు

పోయిన ఏడు షెడ్డు ఖాళీ చేశాను. పానాలు, జాకీలు పనివాళ్లకే ఇచ్చేశాను. జీపులవాళ్లు కొందరు వచ్చారు, ఒకరు నిజంగానే శాలువా తెచ్చారు. లింగమ్మ కూడా అదే జీపు వేసుకుని వచ్చింది. తలలో తెల్లవెంట్రుకలు, కొంగు మాత్రం అట్లాగే నడుముకు చెక్కి ఉంది. శాలువా లేదు, దండ లేదు. నేరుగా గుంజ దగ్గరికి పోయి క్రౌన్ చక్రాన్ని చూపించింది.

"గది మా బండిది. పాత సామాను నాకియ్యాలె అన్నా."

"దాంతోని నీకేం పని చెల్లె? అది నీ బండికి పనికిరానిదే గదా."

"పనికొస్తదని గాదు." చక్రాన్ని కిందికి దించి రెండు చేతులతో పట్టుకుంది. "నువ్వు పని మానేస్తివి. నిన్నేమన్న తీస్కపోత్తనా? గిదన్న తీస్కపోత."

నేను వెక్కిరించబోయాను. "అంటే గొర్రె సచ్చిందని తోలు తీస్కపోతున్నవా?"

లింగమ్మ నన్ను కిందినుంచి మీదిదాకా ఒకసారి చూసింది.

"గొర్రె యాడిది? ముసలి పొట్టేలు. బతికే ఉన్నది గని, ఇగ గుట్ట ఎక్కది."

అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ నేను నవ్వాను. ఆమె చక్రాన్ని ముందు సీట్లో, నేను తెల్ల చొక్కాతో కూర్చున్న చోటే పెట్టి, జీపు తోలుకుని వెళ్లిపోయింది. నేను శాలువా కప్పుకుని హైవే అంచున నిలబడి, బండి కనబడినంత దూరం వెనక యాక్సిలు చప్పుడు వింటూ ఉన్నాను. చప్పుడు బాగానే ఉంది.